వంతు నాది

వంతులవారీ ఆటల్లో నాకు అన్నిటికంటే నచ్చేది వాటి ఓపిక. నేను ఎత్తు వేసేదాకా ఆ ప్రపంచం కదలకుండా ఎదురుచూస్తుంది.

1991లో సిడ్ మైయర్ తెచ్చిన 'సివిలైజేషన్' క్రీ.పూ. 4000లో, ఊరు కట్టడానికి బయల్దేరిన చిన్న గుంపుతో మొదలవుతుంది. అక్కణ్ణుంచి అంతరిక్ష నౌక దాకా నడిపించాలి. ఇంకొక్క వంతు అనుకుంటుండగానే తెల్లారిపోతుంది. ఎప్పుడూ ఏదో ఒకటి సగంలో ఉంటుంది మరి: ఒక ఊళ్లో ధాన్యాగారం, మరో ఊళ్లో ప్రహరీగోడ.

1999 నాటి 'హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3'ది వేరే రుచి. కోటలో కొత్త సైన్యం వారానికోసారి పుడుతుంది. వారం మారేలోగా కోటకు చేరుకోవాలా, ఇంకో గని పట్టాలా? ఆ మీమాంసలోనే ఆట అందమంతా ఉంది.

2012 నాటి 'ఎక్స్‌కామ్' గుండెల్ని బిగపట్టిస్తుంది. నేను పేరు పెట్టి, యుద్ధం వెనక యుద్ధంలో పెంచుకున్న సైనికుడు చనిపోతే ఇక తిరిగి రాడు. తొంభై శాతం తగులుతుందన్న గుండు కూడా గురి తప్పవచ్చు.

2018లో వచ్చిన 'ఇంటు ది బ్రీచ్'లో చదరంగంలాగే నిలువునా అడ్డంగా ఎనిమిదేసి గళ్లు. శత్రువు ఎక్కడ దెబ్బ కొట్టబోతున్నాడో ముందే కనిపిస్తుంది. ఓడితే లోపం చాలావరకు నా ఆలోచనదే.

ఒక్కటే ఎంచుకోమంటే 'సివిలైజేషన్' అంటాను. ఒక నది ఒడ్డున మొదటి ఊరు నిలబెట్టిన క్షణం నాకు ఇప్పటికీ పాతబడలేదు.