గిర్ని బెల్టు

పోయిన దసరా సెలవుల్లో మా నానమ్మను పంజాగుట్టలోని నిమ్స్ దవాఖానలో చూపించడానికి చిన్నాయనతో పాటు నేనూ హైదరాబాదు పోయినాను. అమీర్‌పేటలో చుట్టాల ఇంట్లో నాలుగు రోజులున్నాం. హైదరాబాదు పోయొచ్చిన వాళ్లందరూ మెట్రో రైలు గురించి రాస్తారు. నేను గిర్ని గురించి రాస్తున్నాను.

ఆ గల్లీలో ఒక పిండి గిర్ని ఉంది. జొన్నలు పట్టించుకు రమ్మని నన్ను పంపారు. గిర్ని లోపల ఉండేవి రెండు రాళ్లే, మన ఇండ్లలో ఇసుర్రాయి లాగానే. అమ్మ చేతికి బదులు మోటారు తిప్పుతుంది. కానీ మోటారు రాయికి తగలనే తగలదు, మూరెడు దూరంలో ఉంటుంది! మధ్యలో ఉన్నది నల్లని రబ్బరు బెల్టు. అది పైన వెడల్పు, అడుగున సన్నం. చక్రం గాడిలో అడుగుకు ఆనదు, రెండు పక్కల గోడలను ఒరుసుకొని పట్టుకుంటుంది. బరువు పడేకొద్దీ ఇంకా లోపలికి దిగి బిగుసుకుంటుంది. పళ్లు లేవు, ముడి లేదు, ఒట్టి రాపిడే. ఘర్షణ వల్ల నష్టాలు అని పరీక్షలో వరుసగా రాస్తాం గాని, ఘర్షణ లేకపోతే ఇక్కడ పిండే లేదు.

మోటారు చక్రం చిన్నది, రాయి చక్రం దానికి సుమారు మూడింతలు. మోటారు రేకు మీద నిమిషానికి 1440 చుట్లు అని ఉంది. అంటే రాయి 480 చుట్లే తిరుగుతుంది. జోరు మూడో వంతుకు తగ్గితే తిప్పే బలం మూడింతలవుతుంది.

ఒకసారి గింజలు ఎక్కువ పడి రాయి మొరాయించింది. బెల్టు కీచుమని అరిచి జారింది, రబ్బరు కాలిన వాసన వచ్చింది. గిర్ని కాక ఉరికి స్విచ్చి ఆపేశాడు. "బెల్టు జారింది కాబట్టి మోటారు బతికింది బిడ్డా" అన్నాడు.

పంజాగుట్ట చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగే గేర్లు లేని స్కూటీల్లో కూడా బెల్టే ఉంటుందట. పక్క షాపు మెకానిక్ విప్పి చూపించాడు. జోరు పెరిగితే ముందు చక్రం రెండు బిళ్లలు దగ్గరికొచ్చి బెల్టు పైకి లేస్తుంది, వెనక చక్రంలో లోపలికి దిగుతుంది. అదే దానికి గేరు.

గిర్ని బెల్టుకు ఇనుప జాలి కట్టి ఉంది. ఎందుకు కాకా అంటే నా జడ వైపు, చున్నీ వైపు చూపించాడు. బెల్టు చక్రంలోకి దిగే చోట ఏది దొరికినా లోపలికి గుంజేస్తుంది. చేత్తో లాగితే చేయి కూడా పోతుంది, ముందు కరెంటు ఆపాలి. ఫ్యాక్టరీల్లో తిరిగే చక్రాలకు, బెల్టులకు అడ్డు ఉండాలని 1948లోనే చట్టం రాశారు.

మన వంటగదిలో గ్రైండరు కింద బెల్టుకు మూత ఊడి మూలన పడి ఉంది. ఇడ్లీ పిండి డ్యూటీ ఈ నెల మా తొమ్మిదో తరగతిది, వచ్చే నెల ఎనిమిదో తరగతి పిల్లలది. వార్డెన్ మేడం గారూ, పాత మూతకు రెండు బోల్టులే లేవు. కొలత చూసి ఉంచాను, అర అంగుళం.