చిల్లంగి కాదు, థైరాయిడ్

మా అక్క ఏడాదిలో పదకొండు కిలోలు తగ్గిపోయింది. తిండి మానలేదు. చోడంబలి రెండు గిన్నెలు తాగి, కొండపోడుకు చేరకముందే మళ్ళీ ఆకలి అనేది. చలికాలంలోనూ దుప్పటి తన్నేసేది. చేతులు వణికేవి, గుండె దడదడలాడేది, కళ్ళు ముందుకు పొడుచుకొచ్చాయి.

ఊళ్ళో చిల్లంగి అన్నారు. పెట్టినది ఎవరో కూడా తేల్చేశారు. ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలమ్మ! మన ఏజెన్సీలో ఈ మాట మనుషుల ప్రాణాలు తీసింది. అందుకే నాకు అక్క జబ్బు ఎంత భయమో ఆ మాటా అంతే భయం.

పట్నంలో రక్తపరీక్ష చేయించాం. ఆశ్రమ పాఠశాలలో సైన్సు చెప్పేవాణ్ణి కనుక ఆ కాగితం పెద్దల ముందు మా భాషలోనే విప్పి చెప్పాను.

మెడ ముందు సీతాకోకచిలుకలా థైరాయిడ్ గ్రంథి ఉంటుంది. దాని టీ3, టీ4 హార్మోన్లు ఒంట్లో పొయ్యి ఎంత మండాలో నిర్ణయిస్తాయి. అవి ఎక్కువైతే మెదడు కిందున్న పిట్యూటరీ గ్రంథి 'ఇక చాలు' అన్నట్టు టీఎస్‌హెచ్ పంపడం తగ్గిస్తుంది. సుమారు 0.4 నుంచి 4 మధ్య ఉండాల్సిన టీఎస్‌హెచ్ అక్కకు 0.01 ఉంది. టీ3, టీ4 హద్దు దాటాయి.

మిగతా అంకెలూ అదే చెప్పాయి. కొలెస్ట్రాల్ 104. "తక్కువుంటే మంచిదే కదా" అన్నాడు బావ. ఇక్కడ కాదు. కాలేయం దాన్ని రక్తంలోంచి అతివేగంగా లాగేసుకుంటోంది. క్రియాటినిన్ తగ్గింది, కండ కరిగిపోయింది కనుక. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరిగింది, ఎముక త్వరత్వరగా అరుగుతూ మళ్ళీ కట్టుకుంటోంది కనుక. కొందరికి కాల్షియమూ పెరుగుతుంది. కాలేయం దాచిన చక్కెరను వదలడంతో షుగరూ కాస్త ఎక్కువే.

కార్బిమజోల్ మాత్రలు మొదలుపెట్టారు. నెలలు గడిచేకొద్దీ బరువు, కండ తిరిగొచ్చాయి. కొలెస్ట్రాల్ పెరిగితే ఇంటిల్లిపాదీ సంతోషించాం! ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మాత్రం అన్నిటికన్నా ఆలస్యంగా దిగింది. ఎముక కోలుకోవడానికి సమయం పడుతుంది. ఈ మాత్రలు వాడేవారికి జ్వరం, గొంతునొప్పి వస్తే మందు ఆపి, అదేరోజు తెల్లరక్తకణాల పరీక్ష చేయించాలని డాక్టరు గట్టిగా చెప్పారు.

ముసలమ్మ పేరు ఎత్తడం మానేశారు. క్షమాపణ మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఉపాధ్యాయ మిత్రులారా, తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! మనిషి చిక్కిపోతే కఫం పరీక్ష చేయిస్తున్నాం, మంచిదే. తింటూనే చిక్కిపోతూ, వణుకుతూ, చెమటలు పడుతుంటే టీఎస్‌హెచ్ కూడా అడగండి. జబ్బుకు పేరు దొరికితే, ఇంకో మనిషి మీద నింద పడదు.