పసిపిల్లలతో పట్నం: రెండు రోజులు, ఐదు వేలు

ఉప్పునుంతలలో ఎవరైనా చేతిలో సంచి, చంకలో పిల్లతో పొద్దున్నే బస్సు కోసం నిలబడితే "పట్నం పోతున్నరా? ఎవరికి పానం బాగలేదు?" అని అడుగుతారు. అది వెటకారం కాదు, పలకరింపే. మా వైపు హైదరాబాద్‌ని ఇప్పటికీ పట్నం అనే అంటాం. అక్కడికి పోవడానికి మాకు తెలిసిన కారణాలు మూడే: ఆస్పత్రి, కూలి, ఉద్యోగం. ఊరికే చూసి రావడానికి పోవడమనేది ఈ లెక్కలో లేదు. షికారు అంటే ఉమామహేశ్వరం, మల్లెలతీర్థం, ఇంకాస్త ఓపికుంటే శ్రీశైలం. అన్నీ నల్లమల వైపే. వెనక్కి తిరిగి పట్నం వైపు షికారుకి పోయినవాళ్లు మా వాడలో నాకు తెలిసి లేరు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. చిన్నోడు పుట్టాక ఇంటి నుంచే పని. పాపకి రెండున్నరేళ్లు, చిన్నోడికి పది నెలలు. మా టీమ్ వాళ్లు కూర్గ్, గోవా ఫొటోలు గ్రూప్‌లో పెడుతుంటారు. చూసి సంతోషించడమే, పది నెలల పిల్లాడితో గోవా పోయి ఏం చేస్తాం? ఇసుక తినిపించాలి. అందుకే పక్కనే ఉన్న పట్నానికి రెండు రోజులు పోదామన్నాను. మా ఆయన, నేను, అత్తమ్మ, ఇద్దరు పిల్లలు. ఖర్చు ఐదు వేలు దాటకూడదు. అత్తమ్మ మొదట ఒప్పుకోలేదు. "పైసలు పెట్టి పట్నం చూసుడేంది బిడ్డా, పైసలిస్తనంటేనే పోయేటోళ్లం" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, కానీ బ్యాగు సర్దడం ఆపలేదు.

పెద్దవాళ్ల టూరుకి ఏమేం చూడాలో రాసుకుంటాం. పసిపిల్లలున్నప్పుడు ముందు రాసుకోవాల్సింది వాళ్ల నిద్రవేళలు. మా పాప మధ్యాహ్నం ఒంటిగంటకి పడుకుంటుంది, చిన్నోడు పదిన్నరకోసారి, మూడింటికోసారి. ఈ గీతలు గీశాక రోజులో మిగిలేవి రెండు ముక్కలు: పొద్దున మూడు గంటలు, సాయంత్రం రెండు. ఒక్కో ముక్కలో ఒక్క చోటు, అంతే. రెండు రోజులకి మూడు చోట్లు అనుకున్నాం. చార్మినార్, గోల్కొండ, ట్యాంక్‌బండ్ అన్నీ పక్కన పెట్టేశాం. చార్మినార్ 1591 నుంచి అక్కడే ఉంది, ఇంకో నాలుగేళ్లు ఆగుతుంది.

రోజుల ఎంపిక కూడా ముఖ్యమే. జూపార్కుకి సోమవారం సెలవు, సాలార్‌జంగ్ మ్యూజియంకి శుక్రవారం సెలవు. శని, ఆదివారాలు జనం. కాబట్టి మంగళ, బుధవారాలు. రెండు రోజులు లీవు పెట్టాల్సి వస్తుంది నిజమే, కానీ ఆదివారం జూలో పులి కన్నా జనం వీపులే ఎక్కువ కనిపిస్తాయి.

బస్సు ఖర్చు మా ఇంట్లో ఒక్క మగమనిషికే. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు కదా. తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ ఇస్తాడు. చిన్నపిల్లలకి ఎలాగూ టికెట్టు ఉండదు. ఐదుగురం ఎక్కితే మా ఆయనొక్కడే జేబులో చెయ్యి పెట్టాడు. సూపర్ లగ్జరీ ఎక్కితే ఈ సౌకర్యం ఉండదు, పిల్లలున్నా ఎక్స్‌ప్రెస్సే నయం. కిటికీ తెరుచుకుంటుంది, గాలి వస్తుంది, వాంతి వస్తే అదీ బయటికే పోతుంది. శ్రీశైలం హైవే ఎక్కాక వెల్దండ, ఆమనగల్లు, కడ్తాల్, తుక్కుగూడ. ఆరింటికి బయలుదేరితే తొమ్మిదిన్నరకల్లా ఎంజీబీఎస్‌లో ఉన్నాం.

పిల్లలతో వచ్చేవాళ్లకి ఎంజీబీఎస్‌లో ఒక మేలుంది. బస్టాండ్ నుంచే మెట్రో స్టేషన్‌కి వంతెన మీదుగా నడిచి పోవచ్చు, రోడ్డు దాటే పని లేదు. మెట్రోలో మూడడుగుల లోపు పిల్లలకి టికెట్టు లేదు. మా పాప ఇంకా ఆ గీత కిందే ఉంది, ఈ ఏడాది వరకు.

మొదటి రోజు పొద్దున సాలార్‌జంగ్. బస్టాండ్ నుంచి ఆటోలో మూసీ దాటితే వచ్చేస్తుంది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ పోగుచేసిన వస్తువులతో 1951లో దివాన్ దేవిడీలో మొదలైన మ్యూజియం ఇది. ఇప్పుడున్న భవనంలోకి 1968లో మారింది. గదులన్నీ తిరగాలని పెట్టుకోవద్దు. పసిపిల్లలకి అక్కడ రెండే ఉన్నాయి: ఒకటి బొమ్మల గది, రెండోది గడియారం. కూక్ అండ్ కెల్వీ వాళ్ల ఆ గడియారంలోంచి గంటకి కొద్దిగా ముందు ఒక గడ్డపు బుల్లి మనిషి తలుపు తీసుకుని వస్తాడు, గంట కొడతాడు, లోపలికి పోతాడు. ముందే వెళ్లి కూర్చోవాలి, లేకపోతే పిల్లని భుజాల మీదకెక్కించుకోవాల్సిందే. మేము పదకొండు గంటలకి చూశాం. మా పాపకి అంకెలు పది వరకే వచ్చు. ఒక్కో దెబ్బకి గట్టిగా లెక్కపెట్టింది. పదకొండో దెబ్బకి నా మొహం చూసింది. పక్కన కూర్చున్న పెద్దాయన "లెవెన్ బోలో బేటా" అని అందించాడు. సాయంత్రం దాకా ఏది కనబడినా లెవెనే.

అత్తమ్మకి మాత్రం గడియారం పట్టలేదు. ముసుగు రెబెక్కా ముందు ఆగిపోయింది. ఇటలీ శిల్పి బెంజోని 1876లో చెక్కిన పాలరాతి బొమ్మ, మొహం మీద పలుచని మేలిముసుగు, అదీ రాయే. "రాయి మీద కొంగు ఎట్ల కప్పిండే" అని చుట్టూ రెండుసార్లు తిరిగి చూసింది. రాళ్లు మోసిన మనిషి, ఆమె చూపు వేరుగా ఉంటుంది.

ఆ మాట ఎందుకన్నానంటే, మా మామయ్య, అత్తమ్మ పెళ్లైన కొత్తలో గుంపు మేస్త్రీ వెంట పట్నం వచ్చి పనిచేసినవాళ్లే. పాలమూరు లేబర్ అంటే దేశంలో ఏ డ్యాం కట్టినా, ఏ బిల్డింగ్ లేచినా అక్కడుండే జనం. మేస్త్రీ ముందు అడ్వాన్సు ఇస్తాడు, ఆ బాకీ తీరేదాకా అతను చెప్పిన ఊళ్లో పని. అత్తమ్మకి హైదరాబాద్ అంటే సిమెంటు తట్ట, రేకుల షెడ్డు. ఏ బిల్డింగ్ అని అడిగితే "ఏమో, అన్నీ ఒక్కతీరే ఉంటయి" అంటుంది.

రూము నాంపల్లి స్టేషన్ దగ్గర తీసుకున్నాం. ఎంజీబీఎస్ నుంచి మెట్రోలో మూడో స్టేషనే. రూము చూసేటప్పుడు ఏసీ, టీవీ అడక్కండి. మూడు అడగండి: ఎన్నో అంతస్తు, వేడినీళ్లు ఎన్నింటికి, మంచం కింద నేల శుభ్రంగా ఉందా. మూడోది పాకే పిల్లాడి కోసం. ఇంటి నుంచి తెచ్చిన పాత దుప్పటి కింద పరిచి చిన్నోడిని వదిలాం. ఒక లాడ్జిలో, దాని పేరెందుకు లెండి, పిల్లలు ఏడుస్తారని రూమే లేదన్నారు. రెండో చోట ఇచ్చారు.

తిండి సంగతి. సద్దిమూట కట్టుకుపోవడం నామోషీ అనుకోవద్దు. మొదటి రోజుకి పెరుగన్నం, జొన్నరొట్టె, పల్లీల పొడి ఇంటి నుంచే. చిన్నోడికి ఉగ్గుపొడి, ఫ్లాస్కులో వేడినీళ్లు. ఏ హోటల్లోనైనా వేడినీళ్లు అడిగితే కాదనలేదు. పెద్దవాళ్లకి ఇరానీ చాయ్, పాపకి ఉస్మానియా బిస్కెట్. కారం లేని టిఫిన్ కావాలంటే ఇడ్లీ ఎక్కడైనా దొరుకుతుంది. బిర్యానీ మా ఆయన పొట్లం కట్టించుకొచ్చి పిల్లలు పడుకున్నాక తిన్నాడు.

సాయంత్రం పబ్లిక్ గార్డెన్స్. నాంపల్లి నుంచి దగ్గరే, టికెట్టు లేదు, పెద్ద చెట్లు, గడ్డి. పసిపిల్లలకి ఇంతకన్నా మంచి చోటు పట్నంలో నాకు కనబడలేదు. ఈజిప్టు మమ్మీ ఉన్న స్టేట్ మ్యూజియం కూడా ఆ ఆవరణలోనే ఉంది, కానీ రెండున్నరేళ్ల పిల్లకి మమ్మీ ఎందుకు, మేము పోలేదు.

గేటు దగ్గర అత్తమ్మ ఆగింది. "ఇది నాకు ఎరికే" అంది. ముప్పై ఏళ్ల పైమాటే. మా పెద్దాడబిడ్డ అప్పుడు పదకొండు నెలల పిల్ల. జ్వరం తగ్గక, ఊపిరాడక నిలోఫర్‌కి తెచ్చారు. నిలోఫర్ ఇక్కడికి దగ్గరే, రెడ్‌హిల్స్‌లో. ఏడో నిజాం రెండో కోడలు, టర్కీ రాకుమారి నిలోఫర్ పేరు మీద 1953లో మొదలైన ఆస్పత్రి. తన దగ్గర పనిచేసే ఆమె కాన్పులో చనిపోతే, ఇంకెవరికీ అలా కాకూడదని రాకుమారి పట్టుబట్టిందంటారు. మా వైపు తల్లులకి ఆ కథ తెలియదు, ఆ పేరు మాత్రం తెలియనివాళ్లు లేరు. ఇరవై రోజులున్నారట. మామయ్య పగలు కూలికి పోయేవాడు, అత్తమ్మ ఈ గేటు ముందు నుంచే చాయ్‌కి, రొట్టెకి నడిచేదట.

"లోపలికి ఒక్కసారన్నా పోలేదా అత్తమ్మా?" అన్నాను.

"తోటలకు పొయ్యే మొహమా అమ్మా అప్పుడు మాది."

అంతకన్నా ఏమీ చెప్పలేదు. లోపల చెప్పులు విడిచి గడ్డి మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. చిన్నోడు పాక్కుంటూ పోయి ఎండుటాకు నోట్లో పెట్టుకుంటే వేలు పెట్టి తీసింది. ఆ రోజుల్లో నిలోఫర్‌లో పడుకున్న పిల్లకి ఇప్పుడిద్దరు పిల్లలు. అత్తమ్మ మా ఆయన ఫోన్ తీసుకుని ఆమెకి వీడియో కాల్ చేసి, ఏం చెప్పకుండా చెట్లు చూపించింది. మసకచీకటి పడి దోమలు మొదలయ్యేదాకా అక్కడే ఉన్నాం.

రెండో రోజు జూ. అఫ్జల్‌గంజ్ నుంచి బహదూర్‌పురా వైపు సిటీ బస్సు, మళ్లీ జీరో టికెట్. 1963లో తెరిచిన నెహ్రూ జూపార్కు 380 ఎకరాలు. ఈ అంకె చూశాకే మొత్తం తిరిగే ఆలోచన మానుకున్నాం. పొద్దున తెరవగానే లోపలికి పోయి, ముందు బుల్లి రైలెక్కి ఒక చుట్టు తిరిగి, పాప దేన్ని చూసి అరిచిందో వాటి దగ్గరికే నడిచాం. ఏనుగు, జిరాఫీ, నీటి గుర్రం. సింహం పడుకుని ఉంది, దాన్ని ఆమె "కుక్క" అంది, ఎవరం దిద్దలేదు. పదిన్నరకి చెట్టు కింద పాత చీర పరిచి చిన్నోడిని పడుకోబెట్టాం. నడవలేని పెద్దవాళ్లుంటే బ్యాటరీ బండి తీసుకోండి. మా అత్తమ్మ "కూసుంటే కాళ్లు పడతయి" అని నడిచింది.

లెక్క ఇదీ: రూము 1,600, మా ఆయన బస్సు టికెట్లు రానూపోనూ 400, మెట్రో, ఆటోలు 800, టికెట్లు, బుల్లి రైలుతో కలిపి 800, తిండి 1,000. బెలూను, గిలక, పాప కోసం ప్లాస్టిక్ జిరాఫీ 250. మొత్తం 4,850. రూము మానేసి తెలిసినవాళ్లింట్లో దిగితే ఇంకా తగ్గుతుంది, కానీ పసిపిల్లలతో అలా చేయొద్దనే చెబుతాను. మధ్యాహ్నం తలుపేసుకుని పడుకునే గది ఉండటం వల్లే సాయంత్రం తోటలో పిల్లలు ఏడవకుండా ఉన్నారు.

తిరుగు ప్రయాణానికి సాయంత్రం దాకా ఆగకండి. రెండింటి బస్సుకి సీట్లు దొరుకుతాయి, పైగా అది నిద్రవేళ. తుక్కుగూడ దాటకముందే ఇద్దరూ పడుకున్నారు. ఆమనగల్లులో బస్సు ఆగితే అత్తమ్మ కిటికీలోంచి జామకాయలు కొని, ఒకటి కొరుకుతూ అడిగింది: చెరువు నడిమిట్ల బుద్ధుడు ఉంటడంట కదా, ఆడికి పోనీకి ఎంతయితది? పెద్దగా ఏం కాదన్నాను. "అయితే ఈసారి మా చెల్లెను గూడ తోల్కపోదాం. ఆమెకు గూడ ఆధార్ కార్డు ఉంది."