బాపు తీసిన పట్టా

ఐటీడీఏ హాస్టల్లో ఉండి డిగ్రీ ఫైనలియర్ చదువుతున్న. మా ఇంట్లో కాలేజీ దాకా వచ్చింది నేనే మొదలు.

ఆస్ట్రేలియాలో మాస్టర్స్ చేయాలని ఉందని దసరా సెలవుల్లో ఇంట్లో చెప్పిన. బాపు ఏం మాట్లాడలేదు. లోపలికి పోయి ప్లాస్టిక్ కవర్లోంచి ఆర్‌ఓఎఫ్‌ఆర్ పట్టా తీసి, "బ్యాంకుల పెట్టు బిడ్డా" అన్నడు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ఆ భూమి వారసులకు వస్తది గానీ అమ్మరాదు, వేరేవాళ్లకు రాసియ్యరాదు. తాకట్టుకు పనికిరాదు. ఆ మాట బాపుకు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

వీసా ఫీజే 2025 జూలై నుంచి 2,000 ఆస్ట్రేలియా డాలర్లు. రిజెక్ట్ అయితే తిరిగి రాదు. ఏడాది బతకడానికి 29,710 డాలర్లు చూపించాలి, కాలేజీ ఫీజు వేరే. పని చేసుకుందామంటే క్లాసులు నడిచేటప్పుడు రెండు వారాలకు 48 గంటలే. ఏజెంట్లు ఈ లెక్క చివర్లో చెప్తరు.

మిగిలింది కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్. దేశంలోని ఎస్టీలందరికీ కలిపి ఏడాదికి 20. మా డార్మిటరీలోనే అంతకంటే ఎక్కువ మందిమి పడుకుంటం! అయినా పెడత.

పట్టా మళ్లీ పెట్టెలోకి పోయింది. సోమవారం ఇన్‌కమ్ సర్టిఫికెట్ కోసం తహసీల్దార్ ఆఫీసుకు పోతున్న. ముందు అప్లై చేసినవాళ్లుంటే, మీది ఏ కాగితం దగ్గర ఆగిందో చెప్పండి.