ఆ ‘వుయ్’లో ఎవరెవరు?

హథ్‌ఖోజ్‌లోని మా షెడ్డుకు ఓ మధ్యాహ్నం నేను రాసిన ఉత్తరం నకలే తిరిగొచ్చింది. ఓ వాక్యం కింద ఎర్ర గీత. "వుయ్ విల్ కంప్లీట్ ది వర్క్ బై మార్చ్ ఎండ్." భూతద్దం పెట్టి వెతికినా వ్యాకరణ దోషం కనిపించదు. కానీ ఆ వాక్యాన్ని చూపించే మా బిల్లులో ‘ఎల్‌డీ’, అంటే ఆలస్యానికి జరిమానా, కోసేశారు.

భిలాయ్‌ని ఆనుకుని ఉన్న ఈ భారీ పారిశ్రామిక వాడలో ఇనుప స్ట్రక్చర్లు చేసే చిన్న యూనిట్ మాది. ఇంగ్లీషు ఉత్తరాలు రాసే పని నాది. డ్రాయింగులు, ప్లేట్లు పంపాల్సింది కొనేవాళ్ళు. కోసి, వెల్డింగ్ చేసి ఇవ్వాల్సింది మేము. అందరం కలిస్తే మార్చి నెలాఖరుకు అయిపోతుందన్న ఉద్దేశంతో ఆ మాట రాశాను. డ్రాయింగులు వచ్చేసరికే ఫిబ్రవరి చివరి వారం. పని పూర్తయ్యేసరికి మే నెల. "చేస్తామని రాసింది మీరే కదా!" అన్నారు వాళ్ళు. నేను రాసింది ‘మనం’. వాళ్ళు చదివింది ‘మేం’. ఇంగ్లీషులో రెండింటికీ దిక్కు ఒక్క ‘వుయ్’.

బడిలో మాకు భవిష్యత్ కాలం గురించి చెప్పింది వేరే సంగతి. ఐ, వుయ్‌ల పక్కన షల్. యు, హి, షి, దేల పక్కన విల్. తారుమారు చేస్తే పంతమో, ఆజ్ఞో, వాగ్దానమో అవుతుంది. ఈ సూత్రాన్ని 1653లో లాటిన్‌లో రాసిన ఇంగ్లీషు వ్యాకరణంలో పెట్టింది జాన్ వాలిస్. గణితంలో అనంతానికి గుర్తు ఇచ్చిందీ ఆయనే. నీళ్ళలో మునుగుతున్నవాడు షల్, విల్ తారుమారు చేసి అరిస్తే, చావాలని పట్టుబట్టాడనుకుని ఒడ్డున ఉన్నవాళ్ళు కదలలేదన్న జోక్ చెప్పి మాస్టారు మమ్మల్ని భయపెట్టేవారు.

నిజానికి స్కాట్లండ్, ఐర్లండ్, అమెరికాల్లో జనం ఆ సూత్రాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు మాటల్లో ‘ఐల్’, ‘వుయ్‌ల్’ అనేస్తే అందులో ఏది దాగుందో ఎవరూ అడగరు. షల్‌కు మిగిలిన చోట్లు రెండే. ఒకటి, "షల్ వుయ్ గో?" లాంటి ప్రశ్న. మన "వెళ్దామా?" లాంటిదే. రెండోది, చట్టాలు, టెండర్లు. "కాంట్రాక్టర్ షల్..." అని మొదలైతే అది జోస్యం కాదు, తప్పించుకోలేని బాధ్యత. అందుకే అమెరికా ప్రభుత్వ సరళ భాషా మార్గదర్శకాలు షల్ బదులు ‘మస్ట్’ వాడమంటున్నాయి.

హిందీతోనూ నాకు ఇలాంటి అనుభవమే. బీహార్ నుంచి వచ్చిన మా వెల్డర్ "కల్ హమ్ ఆయేంగే" అన్నాడు. మనుషులు దొరికారన్న సంబరంతో నాలుగు టీలు చెప్పాను. వచ్చింది అతనొక్కడే. వాళ్ళ వైపు ‘హమ్’ అంటే ‘నేను’ కూడా.

ఇవన్నీ చూసి, మేం, మనం వేరువేరుగా ఉన్న తెలుగే నయమని చాలాకాలం గర్వపడ్డాను. ఆ గర్వాన్ని మా నాన్న దించారు.

తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో మొదలైన భిలాయ్‌కి తర్వాతి దశాబ్దంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన వాళ్ళలో ఆయనొకరు. క్వార్టర్‌లో రాత్రి భోజనాల దగ్గర ఆయన మాట ఎప్పుడూ ఒకటే: "రిటైరయ్యాక ఊరెళ్ళిపోతాం." మేం అనలేదు, మనం అనలేదు. తెలుగులో ఆ అవసరం రాదు. క్రియ చివర ‘తాం’ ఉంటే చాలు. అది మేమైనా కావచ్చు, మనమైనా కావచ్చు.

చిన్నప్పుడు దాన్ని ‘మనం’ అనే విన్నాను. పెద్దయ్యాక ఉద్యోగం, పెళ్ళి, పిల్లల బడి అన్నీ ఇక్కడే అయ్యాయి. ఏనాటి నుంచో తెలియదుగానీ అది ‘మేం’గా వినిపించసాగింది. ఆయన రిటైరయ్యాక రెండు ట్రంకు పెట్టెలు సర్దారు. స్టేషన్‌లో రైలెక్కే ముందు "మీ సామాన్లు తర్వాత పంపిస్తావా?" అని అడిగారు. ఆయన దృష్టిలో అన్నేళ్ళూ అది ‘మనం’. నేను నవ్వేసి ఊరుకున్నాను. ఆయన మళ్ళీ అడగలేదు. ఇప్పుడు అడగడానికి లేరు.

ఉత్తరాల్లో ఇప్పుడు ‘వుయ్’ రాయడం మానేశాను. ఎవరి పని వాళ్ళ పేరుతోనే, తేదీతో సహా రాస్తాను. ఆ తర్వాత మాకు కోతలు పడలేదు. ఇంట్లో మాత్రం పాత అలవాటే. మొన్న అమ్మకు ఫోన్ చేసి, "సంక్రాంతికి వస్తామమ్మా" అన్నాను.

అమ్మ ఒక్క క్షణం ఆగి అడిగింది: "ఎవరెవర్రా?"