పుస్తకం చేతబట్టి చూడవలసిన విమానక్షేత్రాలు

మన కుటుంబాలలో కొడుకో, కూతురో, మనుమడో లండనులో వున్నవారు ఇప్పుడు తక్కువేమీ కాదు. వారిని చూడబోయిన పెద్దలు బకింగ్‌హాం భవనమూ, బ్రిటిషు మ్యూజియమూ, థేమ్సు మీది వంతెనా చూసుకొని, నాలుగు చాక్లెట్ పెట్టెలతో తిరిగి వస్తారు. అందులో తప్పులేదు. కాని ఆ మహానగరానికి తూర్పునా దక్షిణానా, ఎవరూ పనిగట్టుకొని చూపించని చోట్లు కొన్ని వున్నవి. 1940 వేసవిలో, ఇరవై యేండ్లు నిండీ నిండని కుర్రవాళ్ళు యుద్ధవిమానాలెక్కి జర్మనులతో పోరాడిన చోట్లవి. ఊరికే వెళ్ళి చూస్తే గడ్డి తప్ప ఏమీ కనిపించదు. ఆ కుర్రవాళ్ళు రాసుకున్న పుస్తకాలు ముందుగా చదివి వెళితే మాత్రం అక్కడినుంచి కాలు కదలదు. అందుచేత ఈ వ్యాసంలో దారీ చెబుతాను, దారిలో చదవవలసిన పుస్తకాలూ చెబుతాను.

“వాళ్ళ యుద్ధం మనకెందుకండీ?” అని అడిగేవారుంటారు. జవాబు ఆ దళాల పేర్లలోనే వున్నది. ఆనాటి పోరాటంలో పాల్గొన్న 79, 234, 264 సంఖ్యల స్క్వాడ్రన్లకు ‘మద్రాస్ ప్రెసిడెన్సీ’ అని పేరు. 152వ దానికి ‘హైదరాబాద్’, 253వ దానికి ‘హైదరాబాద్ స్టేట్’. విమానాలకు విరాళాలిచ్చిన ప్రాంతాల పేర్లు ఇలా దళాలకు పెట్టడం అప్పటి ఆచారం. 152వ స్క్వాడ్రన్ చిహ్నం మీద నిజాము ధరించే తలపాగా బొమ్మే వుంటుంది. అప్పటి మద్రాసు రాజధానిలో సర్కారు జిల్లాలూ రాయలసీమా కలిసి వుండేవి. నిజాం రాజ్యంలో తెలంగాణంతోపాటు ఇప్పుడు కర్ణాటకలోనూ మహారాష్ట్రలోనూ చేరిపోయిన జిల్లాలుండేవి. ఆ విరాళాలలో మన తాతల రూపాయి లేదని ఎవరు చెప్పగలరు? ఇచ్చిన రూపాయి ఏ పనికి పోయిందో తెలుసుకోవడం ఇంటి యజమానికి తప్పు కాదు గదా!

మొదట హార్న్‌చర్చ్ వెళ్ళండి. లండనుకు తూర్పున, నగరపు రైలు మీదనే పోదగిన పేట. యుద్ధకాలంలో పేరుమోసిన ఆ విమానక్షేత్రాన్ని 1962లో మూసివేశారు. కొంత మేర కంకర తవ్వుకున్నారు, కొంత మేర ఇళ్ళు కట్టుకున్నారు. మిగిలినది ఇప్పుడొక పెద్ద వనం. పిల్లలు సైకిళ్ళు తొక్కుతుంటారు, ముసలివారు కుక్కలను తిప్పుతుంటారు. అక్కడక్కడ కాపలాకు కట్టిన చిన్న కాంక్రీటు గూళ్ళు నాచుపట్టి కనిపిస్తాయి. పక్కనున్న ఇళ్ళ వీధులకు ఆనాటి పైలట్ల పేర్లు పెట్టారు. పాలసీసా తీసుకొని ఇంటికి పోయే ఇల్లాలు తన వీధి పేరుగల మనిషి ఎవరో తలచుకుంటుందో లేదో తెలియదు.

మన పేరుగల 264వ స్క్వాడ్రను 1940 ఆగస్టు చివరివారంలో ఇక్కడినుంచే ఎగిరింది. వారి విమానం పేరు డిఫయంట్. దాని నిర్మాణమే ఒక విచిత్రం. ముందు కూర్చున్న చోదకుడికి ముందుకు కాల్చే తుపాకి ఒక్కటీ లేదు. నాలుగు తుపాకులూ వెనుక గిరగిర తిరిగే ఇరుకు గూటిలో మరొకడి చేతిలో వుండేవి. శత్రువు ఎదురుగా వస్తే ఏమీ చేయలేరు. విమానానికి నిప్పంటుకుంటే గూటిలోనివాడు బయటపడడం బహుకష్టం. కొద్దిరోజులలోనే ఆ స్క్వాడ్రను తన నాయకుడినీ, ఎందరో మనుషులనూ పోగొట్టుకొన్నది. ఆ నెలాఖరుకు డిఫయంట్లను పగటి పోరాటం నుంచి తప్పించారు. ‘మద్రాస్’ అనే పేరు వినగానే గర్వపడేముందు ఈ సంగతి కూడా మనసులో వుంచుకోవలె.

సరిగ్గా ఆ రోజులలోనే హార్న్‌చర్చ్‌కు వచ్చినవాడు రిచర్డ్ హిల్లరీ. 603వ స్క్వాడ్రనువాడు, ఆస్ట్రేలియాలో పుట్టి ఆక్స్‌ఫర్డులో చదివినవాడు, అందగాడు, కొంచెం గర్విష్ఠి కూడా. 1940 సెప్టెంబరు 3న అతని స్పిట్‌ఫైర్‌కు నిప్పంటుకున్నది. ఆ విమానంలో పెట్రోలు ట్యాంకు చోదకుడికి ఎదురుగానే వుంటుంది. అది అంటుకుంటే మంట ముఖం మీదికే వస్తుంది. కొత్తగా బిగించిన పైమూత జరగలేదు. చేతులకు తొడుగులు లేవు. ఎట్లాగో బయటపడి సముద్రంలో పడితే, మార్గేటు రక్షకపడవవాళ్ళు గంటల తరువాత తీసి ఒడ్డుకు చేర్చారు. ముఖమూ చేతులూ కాలిపోయినవి. ఆ చేతులతోనే రాసిన పుస్తకం ‘ది లాస్ట్ ఎనిమీ’ 1942లో వెలువడింది. అందులో ప్రతాపాలు తక్కువ. తనకోసమే బ్రతికిన ఒక కుర్రవాడు, స్నేహితులు ఒక్కొక్కరే పోతూవుంటే, ఇతరులకోసం బ్రతకడమంటే ఏమిటో తెలుసుకోవడమే దాని కథ. ఒక్క పుస్తకమే చదివే తీరిక వుంటే దీనినే చదవండి.

హిల్లరీని బాగుచేసిన ఊరు ఈస్ట్ గ్రిన్‌స్టెడ్. విక్టోరియా స్టేషనునుంచి రైలు వున్నది. అక్కడి క్వీన్ విక్టోరియా ఆస్పత్రిలో ఆర్చిబాల్డ్ మెకిండో అనే న్యూజిలాండు శస్త్రవైద్యుడుండేవాడు. అంతవరకు కాలిన గాయాలకు టానిక్ ఆమ్లం పూసేవారు. తోళ్ళను పదును చేయడానికి వాడే సరుకు అది. పుండు గట్టిపడి వేళ్ళు ముడుచుకుపోయేవి. సముద్రంలో పడినవారి గాయాలు మిగతావారికంటె బాగా మానుతున్నాయని గమనించి, మెకిండో ఆ ఆమ్లాన్ని మాన్పించి ఉప్పునీటి స్నానాలు పెట్టించాడు. ఒళ్ళు కాలిన ఈ సైనికులు 1941లో ‘గినీ పిగ్ క్లబ్’ అని ఒక సంఘం పెట్టుకున్నారు. ప్రయోగాలకు వాడే జంతువులం మేమే అని వారి చమత్కారం. కాళ్ళు కాలినవాడిని కోశాధికారి చేశారట, డబ్బుతో పారిపోలేడు కనుక! వేళ్ళు కాలినవాడిని కార్యదర్శి చేశారట, ఎక్కువ రాయలేడు కనుక! యుద్ధం ముగిసేనాటికి సభ్యులు 649 మంది.

వైద్యుడు చేసినది సగమైతే, మిగతా సగం ఊరు చేసింది. ముక్కు లేని, కనురెప్పలు లేని కుర్రవాళ్ళు వీధిలోకి వస్తే వారిని తేరిపార చూడకుండా, సినిమాకూ విందుకూ పిలిచి మామూలు మనుషులతోపాటు కూర్చోబెట్టుకున్నారు. ‘తేరిపార చూడని ఊరు’ అని దానికి పేరు వచ్చింది. పెద్దవీధిలో మెకిండో విగ్రహం 2014లో పెట్టారు. కూర్చున్న సైనికుడి భుజాల మీద చేతులు వేసి వైద్యుడు వెనుక నిలబడి వుంటాడు. చెక్కిన శిల్పి మార్టిన్ జెన్నింగ్స్ తండ్రి ఆ వైద్యుని చేతిమీదుగా బాగుపడినవాడే. అంగవైకల్యమున్న బిడ్డను చుట్టాలలోకి తీసుకుపోవడానికి జంకే తలిదండ్రులు మనలో ఇంకా వున్నారు. వారు ఈ ఊరిని చూడకపోయినా, దీని సంగతి చదివితే చాలు.

అక్కడినుంచి సముద్రతీరానికి పోవలె. ఫోక్‌స్టన్ పక్కన కాపెల్-ల-ఫెర్న్ అనే పల్లెలో, తెల్లని సుద్దకొండల మీద ఆ పోరాటపు స్మారకం వున్నది. 1993లో తెరిచారు. దానికోసం పట్టుబట్టినవాడు జెఫ్రీ పేజ్. 1940 ఆగస్టు 12న హరికేన్‌లో కాలి సముద్రంలో పడి, మెకిండో చేతిలో బాగుపడి, మళ్ళీ యుద్ధానికి వెళ్ళిన మనిషి. అతని పుస్తకం ‘టేల్ ఆఫ్ ఎ గినీ పిగ్’ 1981లో వచ్చింది. నేలమీద పరచిన పెద్ద ప్రొపెల్లర్ ఆకారం నడుమ ఒక వైమానికుడు మోకాళ్ళు ముడుచుకొని, సముద్రం వైపు చూస్తూ కూర్చున్న శిల్పం అక్కడ వుంటుంది. గోడమీద పోరాడినవారందరి పేర్లూ చెక్కారు. సుమారు 2900 మందిలో 544 మంది ఆ నాలుగు నెలలలోనే చనిపోయారు. హిల్లరీ మాత్రం అప్పుడు చావలేదు. బాగుపడని చేతులతోనే మళ్ళీ విమానమెక్కి, 1943 జనవరి 8 రాత్రి శిక్షణలో విమానం కూలి, 23 ఏండ్లకే పోయాడు. అతని చితాభస్మాన్ని ఈ ఇంగ్లీషు ఛానెల్ మీదనే విమానంలోనుంచి చల్లారు.

ఆకాశం తేటగా వుంటే ఎదుట ఫ్రాన్సు తీరం కనిపిస్తుంది. అక్కడినుంచి ఇటు వచ్చినవారిలో ఒకడు అడాల్ఫ్ గలాండ్. అతని పుస్తకం ‘ది ఫస్ట్ అండ్ ది లాస్ట్’ జర్మనులో 1953లో వచ్చి తరువాత ఇంగ్లీషు అయింది. ఎదుటిపక్షం మనిషి మాట కూడా విన్నప్పుడే తీర్పు నిలుస్తుంది.

తిరుగుదారిలో బిగిన్ హిల్ వున్నది. విమానక్షేత్రం పక్కనే చనిపోయిన వైమానికుల జ్ఞాపకార్థం 1951లో తెరిచిన చిన్న చర్చి వున్నది. అక్కడ కూర్చొని చదవదగినది జెఫ్రీ వెల్లం రాసిన ‘ఫస్ట్ లైట్’. 18 ఏండ్లకు స్క్వాడ్రనులో చేరి, 21 ఏండ్లకే నరాలు పట్టుతప్పి అలసిపోయిన కుర్రవాడి కథ. భయమంటే ఏమిటో ఇంత దాపరికం లేకుండా చెప్పిన పుస్తకం మరొకటి నేను చదవలేదు. అది 2002లో గాని అచ్చు కాలేదు. అప్పటికి ఆయనకు 80 ఏండ్లు.

చివరగా గ్రేవ్‌జెండ్. థేమ్సు ఒడ్డున ఆ ఊరిలో తలపాగాతో నిలిచిన ఒక పైలట్ విగ్రహాన్ని 2014లో ఆవిష్కరించారు. ఆయన సిమ్లాలో పుట్టిన మహీందర్ సింగ్ పుజ్జీ. 1940లో భారతదేశం నుంచి వెళ్ళిన 24 మంది పైలట్లలో ఒకడు. తలపాగా తీయకుండానే హరికేన్ నడిపాడు. తరువాత బర్మా రంగంలో భారత వైమానిక దళంతో పనిచేసి పతకం పొందాడు. ఆయన స్వీయచరిత్ర ‘ఫర్ కింగ్ అండ్ అనదర్ కంట్రీ’ 2010లో వచ్చింది. ఆ యేడే 92వ యేట కన్నుమూశాడు. పుస్తకం పేరులోని ఆ ‘మరో దేశం’ ఏదో మనకు వేరే చెప్పనక్కరలేదు.

ఇంకొక్క మాట. ఇవన్నీ పైన ఎగిరినవారి పుస్తకాలు. కింద వున్నవారి గోడు కూడా చదివినప్పుడే లెక్క సరిపోతుంది. లెన్ డైటన్ రాసిన ‘బాంబర్’ అనే నవల 1970లో వచ్చింది. ఒకే రాత్రి దాడిని, విమానంలోని ఇంగ్లీషువారి పక్కనుంచీ, కింద జర్మను ఊరివారి పక్కనుంచీ చెబుతుంది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను బాంబులు పడినప్పుడు మనవారూ కిందివారే గదా!

మన మగపిల్లలకు విమానాల బొమ్మలంటే ప్రాణం. పదేండ్ల వానికి పుజ్జీ కథ మీరే చెప్పండి. పదిహేనేండ్ల వానికి ‘ఫస్ట్ లైట్’ ఇవ్వండి. వైమానిక దళంలో చేరతానని ఇంట్లో చెప్పిన కుర్రవానికీ, అమ్మాయికీ ‘ది లాస్ట్ ఎనిమీ’ ఇవ్వండి. వారి ఉత్సాహం చల్లార్చడానికి కాదు. చేరవలసినవారు చేరతారు, చేరవలెను కూడా. కాని ఆ యూనిఫారం ఖరీదు ఎంతో తెలిసి తొడుక్కున్నవాడే దానిని నిలబెడతాడు.