ఎనిమిది పాయింట్లకి ఒక మెట్టు

రాగ్నరాక్ ఆన్‌లైన్ అనే పేరు మీ ఇంట్లో ఎప్పుడూ వినిపించి ఉండకపోవచ్చు. 2002లో దక్షిణ కొరియాలో గ్రావిటీ అనే కంపెనీ తెచ్చిన పాత కంప్యూటర్ గేమ్ అది. నేను బీఈడీ చదివే రోజుల్లో మా తమ్ముడు ఆడుతుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నాను. అందులో అందరూ నోవిస్‌గానే, అంటే ఏ విద్యా రాని కొత్తవాళ్లుగానే మొదలవుతారు. జాబ్ లెవెల్ 10కి చేరాక ఒక వృత్తి ఎంచుకోవాలి. కత్తి పట్టే స్వోర్డ్‌మ్యాన్, బాణాలు వేసే ఆర్చర్ ఇలా చాలా ఉన్నాయి. నేను అకోలైట్‌ని తీసుకున్నాను. ప్రార్థనతో గాయాలు మాన్పే పాత్ర.

"అక్కా, దీంతో ఒంటరిగా ఆడితే సంక్రాంతికి మొదలుపెట్టి దసరాకి లేస్తావు" అన్నాడు తమ్ముడు.

వాడన్నది నిజమే. అకోలైట్ గదతో ఎంత మోదినా శత్రువుకి పెద్దగా తగలదు. దాని అసలు విద్య హీల్. కానీ ఎదుటివాళ్ల గాయం మాన్పుతూ కూర్చుంటే మన లెవెల్ ఎలా పెరుగుతుంది? దానికి దారి పయోన్ అనే ఊరి దగ్గరి గుహలో ఉంది. అక్కడ ఉండేవి జాంబీలు, అస్థిపంజరాలు. చచ్చి లేచిన వాటి మీద హీల్ వేస్తే అది మందులా కాదు, దెబ్బలా పనిచేస్తుంది! కొత్త విద్యేం రాలేదు, ఉన్న విద్యకి తగిన చోటు దొరికిందంతే.

నాకు ఇంకా నచ్చింది హీల్ వెనకున్న లెక్క. లెవెల్‌కి ఇంటెలిజెన్స్ పాయింట్లు కలిపి అప్పట్లో 8తో భాగించేవారు. శేషం వదిలేసేవారు. హీల్‌ని పదో స్థాయికి తెచ్చుకుంటే, వచ్చిన భాగఫలాన్ని 84తో గుణించేవారు. మొత్తం 64 ఉంటే హీల్ 672. 65 అయినా 672. 71 వరకూ అదే 672. 72 అవగానే ఒక్కసారిగా 756. ఆ ఏడు పాయింట్లూ వృథా అనుకుని మధ్యలో వేరే ఆట మొదలుపెట్టేవాళ్లు ఉంటారు. (మా తమ్ముడు అలాగే మూడు పాత్రలు వదిలేశాడు.)

మొన్నటి పీటీఎంలో ఏడో తరగతి అబ్బాయి నాన్నగారు ఏడు వీక్లీ టెస్టుల మార్కులు నా ముందు పెట్టారు. ఇంగ్లిష్ రీడింగ్‌లో 25కి 9, 9, 8, 9... "కదలట్లేదు మేడమ్. తెలుగు మీడియంలో వేసేయమంటారా?" అని నెమ్మదిగా అడిగారు. అబ్బాయి పక్కనే నిలబడి బూట్ల వైపు చూస్తున్నాడు.

నేను ఆన్సర్ షీట్లు తెప్పించి వరసగా పరిచాను. మొదటి రెండింటిలో ప్రశ్నలు ఖాళీగా ఉన్నాయి. మూడో దాంట్లో పాఠంలోంచి ఏదో ఒక వాక్యం ఎత్తి రాశాడు. ఐదో దానికి సరైన వాక్యమే ఎత్తాడు, కానీ అడిగింది అది కాదు. ఏడో దాంట్లో జవాబు సొంత మాటల్లో ఉంది, స్పెల్లింగులు తప్పు. మార్కు 9. గేమ్‌లో అయితే 65, 66 అని స్క్రీన్ మీద కనిపిస్తుంది. పిల్లల దగ్గర ఆ అంకె కనిపించేది తప్పుల్లోనే. కాకపోతే గేమ్ మాటిస్తుంది, ఎనిమిదో పాయింటు దగ్గర మెట్టు తప్పకుండా ఉంటుందని. పిల్లల విషయంలో అది ఏ వారం వస్తుందో నేను చెప్పలేను. ఆయనకీ అదే చెప్పాను.

వాడు ఏం బాగా చేస్తాడని అడిగితే, క్రికెట్ మ్యాచ్ మొత్తం ఓవర్ ఓవర్‌కీ చెబుతాడన్నారు. ఇప్పుడు సోమవారాలు వాడితో ఇంగ్లిష్ పేపర్‌లో స్పోర్ట్స్ పేజీ చదివిస్తున్నాను. "రిక్వైర్డ్ రన్ రేట్" దగ్గర ఆగడు, "ఆల్దో" దగ్గర ఆగుతాడు.

పోయిన శనివారం టెస్టులో 10 వచ్చింది. వాళ్ల నాన్నగారు సంతకం పెట్టే ముందు ఆన్సర్ షీట్ పంపమని డైరీలో రాశారు.